మొదటి పొరుగు

1985 అక్టోబర్ 6, ఆదివారం

లారూయ్ ఇంటి ప్రోస్పేర్‌ను ఆసుపత్రి నుంచి తెచ్చేశారు. ఇంక చేసేదేమీ లేదన్నారట. ఇంట్లోనే పోతానని ఆయనే పట్టుబట్టాడట. పూజ అయ్యాక చర్చి మెట్ల మీద విన్నాను. నేను ఉన్నానని చూసి కాస్త గొంతు తగ్గించి చెప్పుకున్నారు, కానీ వినబడేంతగానే.

మాకు సంబంధం లేదు.

మొక్కజొన్న ఇంకా పచ్చిగానే ఉంది. వాన తెరిపి ఇస్తే వచ్చే వారం కోద్దామంటున్నాడు మా ఆయన రవుల్.

అక్టోబర్ 8

నల్ల కోడి కనబడలేదు. వెతుక్కుంటూ దడి దాకా వెళ్ళాను. అవతల లారూయ్ వాళ్ళ కింది గది కిటికీ తెరిచి ఉంది. మంచం అందులోకి దించినట్టున్నారు. కూతురు ఈవెట్ దుప్పట్లు ఆరేస్తోంది. పట్నంలో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చిందేమో.

కోడి కొట్టం వెనకే ఉంది.

అక్టోబర్ 9

దడి దగ్గర ముళ్ళకంప పెరిగిపోయింది. కొట్టించాలి. చూసి వచ్చాను.

అక్టోబర్ 12

మధ్యాహ్నం భోజనాల దగ్గర రవుల్ అన్నాడు: "ఆ కోడికి మన దొడ్లో గింజలే దొరకవా ఏం? రోజూ దడి మీదికే పోతోంది."

నేను సూప్ వడ్డించాను. అమ్మ తల ఎత్తలేదు. అమ్మకు వినబడనిది ఏదో, వినదలచుకోనిది ఏదో కనిపెట్టడం ఈ మధ్య కష్టమైపోయింది.

తర్వాత, అమ్మ కునుకు తీస్తుండగా, సూటిగానే అడిగాడు. ముసలాయన పోతే మన ఇంటికి చెప్పి పంపుతారా అని. పంపరు అన్నాను. ఒకవేళ పంపితే అన్నాడు. పంపరు అన్నాను.

రవుల్‌ది కొండల వైపు. ఇల్లరికం వచ్చి తల నెరిసినా ఈ ఊరి పద్ధతి అతనికి ఒంటబట్టలేదు. వాళ్ళ వైపు ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్ళు శవపెట్టె మోస్తారట. అలా కాదు, మళ్ళీ విను అన్నాను. ఏ ఇంటికి ఏ ఇల్లు మొదటి పొరుగో ఇళ్ళు కట్టిన నాడే తేలిపోయింది. మన బారేర్ ఇంటికి లారూయ్, లారూయ్ ఇంటికి బారేర్. చావు జరిగితే ముందు ఆ ఇంటికి మనిషిని పంపి చెప్పాలి. వాళ్ళు వచ్చి పొయ్యి అందుకుంటారు. శవానికి స్నానం చేయించి బట్టలు తొడుగుతారు. సిలువ పట్టుకుని అందరికంటే ముందు నడుస్తారు. చావు జరిగిన ఇంటివాళ్ళు ఒక పుల్ల కూడా కదపకూడదు. చెప్పి పంపకుండా వెళ్ళడం ఉండదు. చెప్పి పంపాక వెళ్ళకపోవడం ఉండదు.

"మరి మీ అన్న అల్బాన్ పోయినప్పుడు వాళ్ళు రాలేదు. అంతేగా కథ" అన్నాడు.

అంతే అన్నాను.

అక్టోబర్ 13

అంతే కాదు. కానీ రవుల్‌కి చెప్పడానికి ఇంకేముంది?

యుద్ధం రోజుల్లో అన్నయ్య రొట్టె, పొగాకు తీసుకుని, జర్మన్లకు ఎదురుతిరిగి అడవిలో దాక్కున్న కుర్రాళ్ళ దగ్గరికి వెళ్తుండేవాడు. ఎప్పుడూ ఒకే దారిన కాదు. 1944 జూలైలో మిల్లు దారిన వెళ్ళాడు, జర్మన్లు సరిగ్గా మలుపు దగ్గర కాపు కాసి ఉన్నారు. ఎవరో చెప్పి ఉండాలి. ఎవరో అన్నది మర్నాడు ఖననం దగ్గర తేలింది. ఊరంతా అలాగే అనుకుంది. మొదటి పొరుగువాడు సిలువ పట్టడానికి రాలేదు. రాకపోవడమే సాక్ష్యం. ఇంకో సాక్ష్యం ఎవరూ అడగలేదు.

యుద్ధం అయ్యాక ఆయన్ని ఎవరూ ఏమీ చేయలేదు. నూర్పిడి యంత్రం మాత్రం వాళ్ళ కళ్ళానికి అందరికంటే చివర వెళ్ళేది, వానలు పడ్డాక. పంది కోసిన రోజున వాళ్ళింటికి ఎవరూ సాయం వెళ్ళేవారు కాదు. నాన్న పోయినప్పుడు మేము వాళ్ళకు చెప్పలేదు. ప్రోస్పేర్ భార్య పోయినప్పుడు వాళ్ళు మాకు చెప్పలేదు.

నాకు అప్పుడు పదిహేడేళ్ళు. నేను ఏదీ తేల్చలేదు. పెద్దవాళ్ళు తేల్చిందాన్ని పట్టుకున్నాను.

అక్టోబర్ 17

మొక్కజొన్న కోత. ఒళ్ళు హూనమైంది.

అక్టోబర్ 23

రొట్టెల బండి ఆవిడ చెప్పింది: ముసలాయన పాలు తప్ప ఏమీ తీసుకోవడం లేదట. ఈవెట్ సగం రొట్టె కొంటోందట. నేను అడగలేదు. ఆవిడే చెప్పింది.

నవంబర్ 1, సమాధుల పండుగ

పొద్దున్నే చామంతి కుండీలు బండిలో పెట్టుకుని వెళ్ళాను. నాన్నకు ఒకటి, అల్బాన్‌కు రెండు. అమ్మ మోకాళ్ళ నొప్పని రాలేదు.

గోడ పక్క కుళాయి దగ్గర ఈవెట్ ఉంది. నేను ఆగిపోయాను. ఆమె డబ్బా నిండింది. కుళాయి కట్టలేదు, నా కోసం వదిలేసి పక్కకు జరిగింది. నీళ్ళు పోతున్నాయి కదా అని వెళ్ళి నా డబ్బా పెట్టాను.

"మీతో ఒక మాట" అంది.

వినడానికి నేనేమీ ఒప్పుకోలేదు. డబ్బా నిండేదాకా నిలబడక తప్పదు కాబట్టి నిలబడ్డాను.

వాళ్ళ నాన్న రోజూ తెల్లారగానే ఒకటే అడుగుతున్నాడట. బారేర్ వాళ్ళు చెప్పి పంపారా అని. తన చావు గురించే కలవరిస్తున్నాడని ఆమె మొదట అనుకుందట. తర్వాత నల్ల సూటు తీయించి కుర్చీ మీద వేయించాడట. తినమంటే, చావు కబురు రాకుండా ఎలా తింటాను, వాళ్ళు వచ్చేసరికి నోట్లో ముద్ద ఉంటే బాగుండదు అన్నాడట. అప్పుడు ఆమెకు గుర్తొచ్చిందట, తను చిన్నపిల్లగా ఉన్నప్పటి సంగతి. అల్బాన్ పోయిన రోజు పొద్దుటి నుంచీ ఆయన ఆ సూటే వేసుకుని వంటింట్లో కూర్చున్నాడు. మర్నాడు కూడా. పిల్లల్ని గట్టిగా మాట్లాడనివ్వలేదు. గంట వినబడింది. పెట్టె వాళ్ళ గేటు ముందు నుంచే వెళ్ళింది. ముందు దుపూయ్ ముసలాయన సిలువతో నడుస్తున్నాడు.

"అమ్మ వెళ్ళమంది" అంది ఈవెట్. "సిలువ ఇంకొకరి చేతికిచ్చారు, ఇంక నేనెవర్ని అన్నాడు. లోపలికి వెళ్ళి సూటు విప్పేశాడు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. నేనే చేశానని వాళ్ళు అనుకుంటున్నారు కాబట్టే నన్ను పిలవలేదు అని ఒక్కసారి అన్నాడు, అమ్మతో."

నా డబ్బా ఎప్పుడో నిండి పొర్లుతోంది. కుళాయి కట్టాను.

"మీరు ఒక్కసారి వచ్చి ఆ మాట చెప్పండి. అల్బాన్ పోయాడు, రమ్మంటున్నాం అని. అంతే. ఆయనకు ఇది ఏ సంవత్సరమో తెలియదు. అబద్ధమేమీ కాదు కదా."

చూస్తాను అన్నాను.

చామంతులకు నీళ్ళు పోసి వచ్చాను. అల్బాన్ రెండు కుండీల్లో ఒకటి తీసుకెళ్ళేటప్పుడే దారిలో పగిలింది.

నవంబర్ 2

వాన. వెళ్ళే వీలు లేదు.

నవంబర్ 4

ఇవాళ బాతులను బలిపించడానికి గొంతులోకి మేత కూరడం మొదలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యలో ఎక్కడికీ కదలడం కుదరదు. ఈ పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఒప్పుకుంటారు.

అమ్మ చిక్కుడు గింజలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని అడిగాను. అన్నయ్య పోయినప్పుడు లారూయ్ వాళ్ళకు చెప్పడానికి ఎవరిని పంపావు అని.

"ఈ ఏడు గింజ పుచ్చింది" అంది.

మళ్ళీ అడిగాను. పుచ్చినవి వేరే గిన్నెలో వేయమంది.

నవంబర్ 5

అబద్ధమేమీ కాదు కదా, అంది. అయితే ఏమిటి మరి? నలభై ఏళ్ళ కిందటి కబురు ఇప్పుడు మోసుకెళ్ళడం నిజమూ కాదు. నేను వెళ్ళి ఆ మాట చెప్పానంటే ఆయన చేయలేదని ఒప్పుకున్నట్టే. ఆయన చేయలేదని నాకెలా తెలుసు? సూటు వేసుకుని కూర్చోవడం ఎవరైనా కూర్చోవచ్చు.

మిల్లు దారి సంగతి ఆయనకు తెలుసా తెలియదా? దడి అవతలి మనిషికి అన్నీ తెలుస్తాయి.

రవుల్‌కి కుళాయి సంగతి చెప్పాను. విని, టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "మా కొండల్లో అయితే వాడి మూతి మీద కొట్టి అడిగేవాళ్ళం, వీడి మూతి మీద కొట్టి అడిగేవాళ్ళం, సాయంత్రానికి తేలిపోయేది. మీరు మర్యాదస్తులు" అన్నాడు.

నవంబర్ 7

అమ్మ చెప్పింది. నేను అడగలేదు. గిన్నెలు కడుగుతుంటే వెనక నుంచి మొదలుపెట్టింది, ఎక్కడో ఆపిన మాట అందుకున్నట్టు.

"మీ నాన్న వద్దన్నాడు. సమాధుల గేటు దగ్గర ఇద్దరు జర్మన్లు నిలబడతారని ముందే తెలుసు. ఎవరు వస్తారో, ఎవరు సిలువ పడతారో చూడటానికి. ప్రోస్పేర్‌కి ముగ్గురు పసివాళ్ళు. ఒక ఇల్లు పోయింది చాలు అన్నాడు."

"మరి దుపూయ్ ముసలాయన?"

"ఆయన్ని ఎవరు పిలిచారు? తనే వచ్చాడు. ముందూ వెనకా ఎవరూ లేనివాడు, ఏం చేస్తారు నన్ను అన్నాడు. సిలువ తనే తీసుకున్నాడు."

అయితే ప్రోస్పేర్ మంచికోసమే చెప్పలేదన్నమాట అన్నాను. అమ్మ కడిగిన గిన్నె ఒకటి అందుకుని తుడిచింది.

"చెప్పలేదు. కానీ వస్తాడనుకున్నాను. అలాంటి రోజున పద్ధతులు ఎవరు చూస్తారు? పెట్టె గేటు దాటేదాకా దారి వైపే చూశాను. మీ నాన్న కూడా చూశాడు. నేను చూడటం ఆయన చూశాడు, ఆయన చూడటం నేను చూశాను. ఒకరితో ఒకరం ఏమీ అనలేదు."

తర్వాతైనా ఎందుకు చెప్పలేదు, ఊరు ఊరంతా ఆయన్ని అంటుంటే?

"అల్బాన్ సంగతి ఎవరో ఒకరు చెప్పే ఉండాలి కదా" అంది అమ్మ. "ఎవరో ఒకరు కావాలి కదా."

అయితే ఆయన కాదా అన్నాను. నాకేం తెలుసు అంది. ఆ మాట చాలా మామూలుగా అంది.

గిన్నెలు మళ్ళీ మొదటి నుంచి కడిగాను.

నవంబర్ 8

వెళ్తాను. ఇవాళ కాదు, ఒక బాతుకు గొంతు వాచింది, దాన్ని కనిపెట్టి ఉండాలి.

నవంబర్ 11

మొదటి యుద్ధం ముగిసిన దినం, ఊరి యుద్ధ స్మారకం దగ్గర సభ. మా మోంకోబె ఊరంతా కలిపినా ఇప్పుడు చిన్న గుంపే. మేయర్ మొదటి యుద్ధం పేర్లు చదివాడు, తర్వాత రెండో యుద్ధానివి. ఒక్కో పేరుకూ అందరం "ఫ్రాన్స్ కోసం ప్రాణమిచ్చాడు" అన్నాం. అల్బాన్ పేరు వచ్చినప్పుడు నాలుగైదు తలలు చర్చి కింది దారి వైపు, లారూయ్ ఇంటి వైపు తిరిగాయి. ఏటా తిరుగుతాయి. నా తల కూడా ఏటా తిరిగేది. ఇవాళ నేను నా బూట్లు చూసుకున్నాను.

సభ అయ్యాక గ్లాసు ద్రాక్షసారా తాగుతూ మేయర్ నా భుజం తట్టాడు. "ఇంకెంతోకాలం లేదులెండి నోయెలీ గారూ. ఆ ఇంటి తలుపులు కూడా మూతపడతాయి" అన్నాడు. సానుభూతిగానే అన్నాడు.

మేం వాళ్ళకు చెప్పి పంపలేదు అన్నాను.

ఏమిటి అన్నాడు.

ఆ రోజు లారూయ్ వాళ్ళకు మేం చెప్పి పంపలేదు అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు విన్నారో లేదో. మేయర్ గ్లాసు చూసుకుని, చలి ముదిరింది కదా అన్నాడు.

రేపు వెళ్తాను.

నవంబర్ 12

బయల్దేరాను. గేటు దాకా వెళ్ళాను. వాళ్ళ వాకిట్లో డాక్టర్ కారు ఉంది. డాక్టర్ ఉన్నప్పుడు వెళ్ళడం బాగుండదు.

నవంబర్ 15

ఈవెట్ పట్నం నుంచి శవసంస్కారాల కంపెనీని మాట్లాడుకుందట. స్నానం, బట్టలు, మోసేవాళ్ళు, కారు, అన్నీ వాళ్ళవే. ఇప్పుడు అందరూ అలాగే చేస్తున్నారు. ఇంక మొదటి పొరుగుతో పనేముంది? ఒకందుకు మంచిదే.

నల్ల బట్టలు బయటికి తీశాను, పురుగు కొట్టిందేమో చూద్దామని. కొట్టలేదు.

నవంబర్ 18

సాయంత్రం మేత అయ్యాక వెళ్ళాను. తలుపు తట్టాను. ఈవెట్ తీసి, ఏమీ అడగకుండా లోపలికి తీసుకెళ్ళింది.

ఆలస్యమైంది. కళ్ళు మూసే ఉన్నాయి. మనిషి ఉన్నాడు కానీ మనిషికి ఏదీ చేరడం లేదు. ఈవెట్ వంగి, నాన్నా, బారేర్ వాళ్ళు వచ్చారు అంది. నేను చెప్పాల్సిన మాట చెప్పాను. రెండుసార్లు చెప్పాను. రెండోసారి గట్టిగా, అమ్మతో మాట్లాడినట్టు. ఊపిరి అలాగే గురగురలాడుతోంది.

నిన్న వచ్చి ఉంటే అని ఈవెట్ అనలేదు. కాఫీ తాగుతారా అంది. వద్దన్నాను.

ఆ గదిలో ఆయన మాత్రం వినలేదు. మిగతా ఇద్దరం విన్నాం.

నవంబర్ 19

పొద్దున్న గంట మోగింది. మగవాళ్ళు పోతే కొట్టే లెక్కలో కొట్టారు.

బాతుల పని ముగించుకుని నల్ల బట్టలు వేసుకుని వంటింట్లో కూర్చున్నాను. రవుల్ వచ్చి చూసి, ఎక్కడికి అన్నాడు. ఎక్కడికీ లేదు, చెప్పి పంపుతారేమో అన్నాను. కంపెనీవాళ్ళున్నారుగా అన్నాడు. ఉన్నారు అన్నాను. సూప్ వేడి చేసి నా ముందు పెట్టాడు. నేను ముట్టుకోలేదు. అతను తన గిన్నె కూడా పక్కకు నెట్టేశాడు.

దారి మీద ఎవరూ రాలేదు. రొట్టెల బండి వచ్చి పోయింది.

అమ్మ పొయ్యి పక్క కుర్చీలో నిద్రపోతోందనుకున్నాను. కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఆ ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టిస్తున్నారు?"

ఎవరూ చెప్పి పంపలేదమ్మా అన్నాను.

"అది కాదు అడిగింది."

లేచాను. పెద్ద గిన్నె, క్యాబేజీ, ఉప్పేసిన బాతు కాళ్ళు సంచిలో వేసుకున్నాను. దడిలో పూర్వం రెండు ఇళ్ళవాళ్ళూ నడిచిన సందు ముళ్ళతో మూసుకుపోయింది. రవుల్ కత్తి తెచ్చి కొట్టాడు. చుట్టూ తిరిగి దారిన వెళ్ళొచ్చు. వెళ్ళలేదు.

ఈవెట్ వంటింట్లో పుల్లలు విరుస్తోంది. నన్ను చూసి లేచింది.

"నేను చెప్పి పంపలేదు" అంది. "మళ్ళీ మిమ్మల్ని ఇబ్బంది..."

"తెలుసు. ఆ పుల్లలు కింద పెట్టి కూర్చో. నువ్వు ముట్టుకోకూడదు."

కూర్చుంది. నేను పొయ్యి ముట్టించాను, నీళ్ళు పెట్టాను. చాలాసేపటికి, "ఉప్పు పై అరలో ఉంది అక్కా" అంది.

నేనూ రవుల్ ఆయనకు స్నానం చేయించడం అయ్యాక కంపెనీ వాళ్ళు ఇద్దరొచ్చారు, చేతిసంచులతో, రబ్బరు తొడుగులతో. స్నానం అయిపోయింది, మీరు కూర్చోండి అన్నాను. చిన్నవాడు మా పని అది అన్నాడు. రవుల్ వాడికి కుర్చీ జరిపి, "కూర్చోరా అబ్బాయ్. ఈ ఊళ్ళో నేనూ ముప్పై ఏళ్ళు అలాగే అనుకున్నాను" అన్నాడు.

సూటు కుర్చీ మీదే ఉంది. మనిషి ఎండిపోయాడు, సూటు వదులైంది. వీపు వైపు మడిచి పిన్నులు పెట్టాను. ముందు నుంచి చూస్తే తెలియదు.

నవంబర్ 20

వాళ్ళింట్లోనే ఉన్నాను. బాతులకు రవుల్ మేత కూరాడు. సగం నేలపాలు చేశాడు.

నవంబర్ 21

ఖననం. కారు వద్దని ఈవెట్ చెప్పింది, డబ్బు మాత్రం ఇచ్చేసింది. కంపెనీ వాళ్ళు పెట్టె మోశారు, అది వాళ్ళ వంతు. సిలువ రవుల్ తీసుకుని అందరికంటే ముందు నడిచాడు. నేను కొవ్వొత్తులతో వెనక. ఊళ్ళో సగం మంది కిటికీల దగ్గర, సగం మంది వాకిళ్ళలో. చర్చి చేరేసరికి మా వెనక నడుస్తున్నవాళ్ళు మొదట్లో కంటే ఎక్కువే ఉన్నారు. ఎవరు ఎక్కడ కలిశారో వెనక్కి తిరిగి చూడలేదు. మేయర్ గోడ పక్క టోపీ తీసి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

చర్చి నుంచి సమాధులకు వెళ్ళే దారిలో మా గేటు దగ్గర అమ్మ ఉంది. కుర్చీ లేదు, కర్ర మీద నిలబడి ఉంది. పెట్టె దాటిపోయేదాకా నిలబడే ఉంది.

మిల్లు దారి సంగతి ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఇక తెలియబోదు కూడా. ప్రోస్పేర్ కాదని నేను రాయలేను. అవునని నలభై ఏళ్ళు రాయకుండానే రాసుకున్నాను.

సాయంత్రం అమ్మ కాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెడుతుంటే అడిగింది.

"సిలువ ఎవరు పట్టారు?"

"రవుల్."

"నిటారుగా పట్టాడా?"

"నిటారుగానే పట్టాడు."

నీళ్ళు చల్లారాయి, మార్చాను.

"నేను పోతే ఎవరికి చెప్పి పంపుతావు?"

"ఈవెట్‌కి."

"పట్నంలో ఉంటుంది కదా అది."

"ఫోన్ చేస్తాను."

"వెంటనే చెయ్యి" అంది అమ్మ. "బట్టలేసుకుని కూర్చోనివ్వకు."